దుముకు కాడ వదిలిన గౌను

ఈ కార్తీకంలో మా వీధి ఆడవాళ్ళంతా కలిసి వనభోజనాలకు కుప్పం దారిలో ఉన్న జలపాతానికి పోవాలని వ్యాను మాట్లాడుకున్నారు. నన్నూ రమ్మన్నారు. మోకాళ్ళ నొప్పులమ్మా, అన్ని మెట్లు దిగలేనన్నాను. నా మోకాళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి. రోజూ తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ ఎక్కి దిగుతూనే ఉన్నాను. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చి ఫోన్లో ఫోటోలు చూపించారు. ఇనుప కమ్మీలు, సిమెంటు మెట్లు, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఎక్కడో నీళ్ళు.

"ఎంత ఎత్తునుంచి పడతాండాయో అక్కా, నువ్వు చూడల్సింది. అది ఎట్ల పుట్టిందో గూడా ఆడ బోర్డు మీద రాసిపెట్టినారు" అంది పక్కింటామె.

బోర్డు మీద ఏం రాశారో నేను అడగలేదు. ఆ నీళ్ళను నేనొక్కసారే చూశాను, చిన్నపిల్లగా ఉన్నప్పుడు. జలపాతాన్ని మావైపు దుముకు అంటారు. దుముకు చూసొస్తానని మా ఇంటినుంచి నవ్వుతూ బయల్దేరాను. ఆ ఇంటికి మళ్ళీ ఆ ఇంటి పిల్లగా తిరిగి పోలేదు. ఇన్నేళ్ళయినా ఆ మోసం తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది బి.కొత్తకోట దగ్గర మెట్టపొలాల ఊరు. నీళ్ళంటే మాకు తెలిసింది బావి అడుగున బిందె తగిలే చప్పుడే. పెద్దవాన పడి వంక పారితే ఊరంతా పనులు మానుకుని గట్టు మీద నిలబడి చూసేది. సాయంత్రానికి అదీ ఆగిపోయేది. అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్లకు, కొండంత ఎత్తునుంచి పడే నీళ్ళున్నాయని చెబితే నిద్ర పడుతుందా?

ఇల్లు మా అవ్వది, అంటే అమ్మను కన్న తల్లిది. అవ్వకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దకూతురు మా అమ్మ. మా నాయన ఇల్లరికం వచ్చి సేద్యం చూసుకునేవాడు. రెండో కూతురు మా చిన్నమ్మను వెంకటగిరికోట వైపు ఇచ్చారు. చిన్నమ్మకు పిల్లల్లేరు. ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. మా ఇంట్లో గొంతు తగ్గించడమంటే పక్కింటికి వినపడకుండా మాట్లాడటం. అన్నకూ నాకూ అన్నీ వినపడేవి, అర్థమయ్యేవి మాత్రం కాదు.

నేను అవ్వ పిల్లను. అన్న అమ్మ పిల్లవాడు. అలా ఎవరు పంచారో తెలియదు కానీ, నాకు ఊహ తెలిసేసరికే పంపకం అయిపోయింది. రాత్రి పడుకుంటే అవ్వ చీర కొంగు నా దుప్పటి. ఆ కొంగుకు వక్కాకు వాసన, ఆముదం వాసన, పశువుల పాకలో పొగ వాసన. ఆ వాసన లేకుండా నాకు నిద్ర వచ్చేది కాదు. అమ్మ దగ్గరికి పోదామని నాకూ ఉండేది. అమ్మ ఒడిలో అన్న తల ఎప్పుడూ ఉండేది. వాడి తల పెద్దది, రెండో తలకు చోటుండేది కాదు.

అది వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, పెరికి కుప్పలు వేసిన కాలం. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. ఇంటినిండా పచ్చి కాయల మట్టివాసన. మా వైపు ఆ రోజుల్లోనే అనపకాయలు వస్తాయి. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కితే తొక్కలోంచి పప్పు జారి పడుతుంది. దాన్నే పితుకుపప్పు అంటాం. సంగటిలోకి పితుకుపప్పు పులుసుంటే నాయన ఎవరితోనూ మాట్లాడకుండా తినేవాడు. పితకడం పిల్లల పని. నేను గురిచూసి గింజ నొక్కితే పప్పు సూటిగా పోయి అన్న చెవికి తగిలేది. వాడు అమ్మకు చెప్పేవాడు. అమ్మ నన్ను తిట్టేది. అవ్వ అమ్మను తిట్టేది. ఇది రోజూ జరిగే బాగోతమే.

ఒక సాయంత్రం అలా పితుకుతూ కూర్చున్నప్పుడు, అడక్కుండానే అవ్వ దుముకు కథ చెప్పింది. అవ్వ కథ చెప్పాలంటే మామూలుగా కాళ్ళు పట్టాలి, వక్క నూరిపెట్టాలి. ఆ రోజు అవేవీ అడగలేదు.

"కొండకు ఒక కూతురు పుట్టిందంట పాపా. నీళ్ళ పిల్ల. ఆ కొండ మీద ఒక ముసిలి బండ ఉండాది. పిల్ల ఆ బండ ఒళ్ళోనే ఆడుకుంటా పెరిగింది. కింద బయలునేల ఉండాది సూడు, దానికి బిడ్డల్లేరు. గొంతెండిపోయి నోరు తెర్సుకోని పడుండాది. నాకొక బిడ్డనియ్యమని కొండను అడిగింది."

"కొండ ఇచ్చిందా?"

"ఇచ్చింది. కానీ ఎవురో ఒకరు దించల్ల గదా. నాకు సేతులు రావు, నువ్వే దించేసి రా అని కొండ బండకు సెప్పింది. ముసిల్ది పిల్లను పిల్చుకోని అంచు కాడికి పోయింది. కింద సూడు, ఎంత బాగుండాదో అన్నది. పిల్ల వొంగి సూసింది. బండ సెయ్యి ఇడిసేసింది. అదే దుముకు."

"మళ్ళీ ఎక్కి రాలేదా అవ్వా?"

"నీళ్ళు పైకి ఎక్కుతాయా, పిచ్చి మొగమా."

"ఆ బండ చెడ్డది" అన్నాను.

"అవును, సెడ్డదే. నీళ్ళు ఎండిపోయినా ఆ బండ మాత్రం తడి ఆరదంట" అంది అవ్వ. ఒళ్ళో తొక్కలు దులుపుకుని, "నీకు దుముకు సూపిస్తా. వస్తావా?" అని అడిగింది.

వస్తావా అని అడగడం కూడానా! ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. బడిలో చెప్పాను, బావి దగ్గర చెప్పాను, చాకలామెకు చెప్పాను. మా ఊళ్ళో దుముకు చూసిన పిల్లలు ఎవరూ లేరు. అన్న నాతో పోట్లాడతాడనుకున్నాను, తననూ తీసుకుపొమ్మని ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. బయల్దేరే రోజు పొద్దున తన బొంగరం తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని ముట్టుకుంటేనే కరిచేవాడు. "నాకొద్దు, నువ్వే పెట్టుకో" అని గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. దుముకు చూడబోతున్న మనిషికి ఇలాంటి మర్యాదలు మామూలేనని నేను బొంగరం తీసుకున్నాను.

అమ్మ నాకు తల దువ్వింది. ఆముదం ఎక్కువ పెట్టి, జడ గట్టిగా అల్లింది. ఆ మధ్య అన్నకు చొక్కా కుట్టించగా మిగిలిన నీలంగళ్ళ గుడ్డతో కొత్తకోట సాయిబు నాకు గౌను కుట్టాడు. అదే వేసింది. నిమ్మకాయ చిత్రాన్నం కలిపి గిన్నెలో సర్దింది. వేయించిన చెనిక్కాయలు వేరే పొట్లం కట్టింది. "నీళ్ళ కాడ పైలం పాపా" అంది. గడప దాటి రాలేదు. పొయ్యి మీద ఎసరుందేమో అనుకున్నాను.

కొత్తకోటలో ఎర్రబస్సు ఎక్కి మదనపల్లెలో దిగి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి పుంగనూరు చేరాం. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు అవ్వ నన్ను గాజుల అంగడికి పిల్చుకుపోయింది. అంగట్లో తెల్లగడ్డం సాయిబు ఉన్నాడు. అవ్వ చేసే బేరాలకు మా సంతలో అంగళ్ళవాళ్ళు ఆమెను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. ఆ రోజు ఆయన చెప్పిన ధర చెప్పినట్టే కొంగుముడి విప్పి ఇచ్చేసింది.

"ఏమమ్మా, బేరం చెయ్యకుండానే ఇచ్చేస్తాండావు? బేటీకి షాదీ ఏమన్నా ఉండాదా?" అని నవ్వాడు సాయిబు.

"అట్లాంటిదేలే అప్పా" అంది అవ్వ.

నేనూ నవ్వాను. చేతినిండా పచ్చగాజులు. బస్సులో కూర్చుని దారి పొడుగునా వాటిని గలగలలాడిస్తూనే ఉన్నాను. కిటికీలోంచి చింతచెట్లు, చెరకు గానుగల దగ్గర బెల్లం కాగే తీపివాసన, గుట్టలు, పొట్టిపొట్టి పుంగనూరు ఆవులు. అవ్వ బొరుగులు కొనిచ్చింది, కమ్మరకట్టు మిఠాయి కొనిచ్చింది. అడిగిందల్లా కొనిచ్చే అవ్వను చూసి నాకు అనుమానం రావాలి. కమ్మరకట్టు నోట్లో ఉన్న పిల్లకు అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

పలమనేరు దాటి, కుప్పం పోయే దారిలో అడవి మొదలయ్యే చోట దిగాం. అక్కడ చిన్నమ్మ, చిన్నాయన మాకోసం నిలబడి ఉన్నారు. చిన్నమ్మ చేతిలో గుడ్డసంచి ఉంది. చిన్నాయన మా వెనక ఇంకెవరన్నా దిగుతారేమోనని బస్సు వైపే చూశాడు.

"పిల్లోడు రాలేదా అత్తా?"

"లేదప్పా. ఈ పాపే" అంది అవ్వ.

అన్న కూడా వస్తే వాడితో ఆడుకోవచ్చని ఆయన అనుకున్నాడేమోనని, "వాడికి దుముకంటే బయ్యం" అని నేను చెప్పాను. ఆయన నా తల నిమిరాడు.

దారి సన్నది. అటూ ఇటూ వెదురు. ఏనుగులు అప్పటికింకా ఆ అడవికి రాలేదు, ఎలుగుబంట్ల భయమే. చిన్నాయన ముందు కర్రతో పొదలు కొడుతూ నడిచాడు. మొదట చప్పుడు వినిపించింది. ఎక్కడో సంతలో జనం మాట్లాడుకుంటున్నట్టు ఉంది. తర్వాత వాసన, నాచు వాసన, తడిసిన ఆకు వాసన. తర్వాత మొహానికి చల్లగా తుంపర. వెదుర్లు తొలిగాయి. నేను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను.

నల్లటి బండ నిటారుగా లేచి ఆకాశాన్ని సగం మూసేసింది. దాని తలమీదినుంచి నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. సగం దూరం వచ్చాక గాలికి విచ్చిపోయి, పొగలాగా అయి, మళ్ళీ కూడుకుని మడుగులో పడుతున్నాయి. అన్ని నీళ్ళు! ఎవరూ చేదకుండానే, ఎవరూ అడగకుండానే, ఊరికే పడుతున్నాయి. మా ఊరిని మొత్తం తెచ్చి దాని కింద పెట్టాలనిపించింది. నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషం నాకు మళ్ళీ నా పెళ్ళికి కూడా రాలేదు.

"అవ్వా, బండ నిజంగానే తడిగా ఉండాది!" అని అరిచాను. చప్పుడులో అవ్వకు వినపడలేదో, వినపడనట్టు ఉందో.

మడుగు అంచున అవ్వ నాకు తలస్నానం చేయించింది. నీలంగళ్ళ గౌను విప్పి, నీళ్ళలోకి వదిలింది. నేను పట్టుకోబోయాను. "పోనీలే, ఇడిసేయ్" అంది. గౌను చేతులు చాచుకుని మడుగులో ఒక చుట్టు తిరిగి, రాళ్ళ సందులోంచి జారిపోయింది. చిన్నమ్మ సంచిలోంచి జరీ అంచు పరికిణీ, జాకెట్టు తీసి కట్టింది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోట్లో బెల్లం ముక్క పెట్టింది. జరీ పరికిణీ దొరికిన పిల్లకు పాతగౌను మీద బెంగ ఎంతసేపుంటుంది?

మా వాళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. బిడ్డను ఇంకో ఇంటికి ఇచ్చేటప్పుడు పారే నీళ్ళలో స్నానం చేయించి, పుట్టింటి గుడ్డలు ఆ నీళ్ళకే వదిలి, తీసుకునే తల్లి తెచ్చిన కొత్తబట్టలు కట్టి, ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి బెల్లం పెడతారు. దాంతో ఆ బిడ్డ ఆమె కన్నబిడ్డే. కన్నతల్లి ఆ నీళ్ళ దగ్గరికి రాకూడదు. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసిందల్లా, దుముకు దగ్గర చిత్రాన్నం చాలా బాగుంటుందని. కడుపునిండా తిన్నాను.

తిరిగి రోడ్డు మీదికొచ్చాం. కుప్పం వైపు పోయే బస్సు వచ్చింది. చిన్నమ్మ నన్నెత్తుకుని ఎక్కింది. చిన్నాయన ఎక్కాడు. అవ్వ ఎక్కలేదు.

"అవ్వా, ఎక్కు బిన్నా! బస్సు పోతాది!" అని కిటికీలోంచి పిలిచాను.

అవ్వ రోడ్డుకు అవతలి పక్కకు పోయి నిలబడింది. అక్కడ పలమనేరు బస్సు ఆగుతుంది. మా వైపు వీపు పెట్టి నిలబడింది. కండక్టరు విజిలేశాడు. నేను పిలుస్తూనే ఉన్నాను. ఆ వీపు తిరగలేదు. చిన్నమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి కొరికాను. రక్తం వచ్చింది, ఆమె వదల్లేదు. గాజులన్నీ ఆ పెనుగులాటలోనే పగిలిపోయాయి.

"రెండు దినాలుండి పోదువులే పాపా, ఏడవాకు" అన్నాడు చిన్నాయన. అదొక అబద్ధం. ఆ రెండు దినాలు ఇంకా అయిపోలేదు.

చిన్నమ్మ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పెద్ద పెద్ద వెదురు తట్టల్లో మల్బరీ ఆకు వేస్తే పురుగులు రాత్రీపగలూ నమిలేవి. చీకట్లో ఆ చప్పుడు సన్నవానలా వినిపించేది. వాన వస్తోందని లేచి కూర్చునేదాన్ని. వాన కాదు, పురుగులు. అక్కడ అవ్వ కొంగు లేదు. ఇల్లంతా పచ్చి ఆకు వాసన, పురుగుల వాసన. చిన్నమ్మ చెడ్డది కాదు, అదే నా ఖర్మ. చెడ్డదైతే పని సులువుగా ఉండేది. నాకు జ్వరమొస్తే తను అన్నం మానేది. పాలమీగడంతా నాకే. నేను కొరికిన మచ్చను చూసుకుని, "మా పాప నాకు పెట్టిన పచ్చబొట్టు" అని వచ్చినవాళ్ళకు చూపించేది. అలాంటి మనిషిని ఎన్నాళ్ళని కొరుకుతాం? అమ్మా అని పిలవడం కూడా అలవాటైంది.

కానీ ఇల్లు మరిచిపోలేదు. బడికని బయల్దేరి పలమనేరు బస్సు ఎక్కాను ఒకసారి. కండక్టరుకు చిన్నాయన తెలుసు. పక్క ఊళ్ళో దింపి, టీ అంగట్లో కూర్చోబెట్టి, బన్ను కొనిచ్చి కబురు పంపాడు. ఇంకోసారి సంతకొచ్చిన ఎడ్లబండిలో గడ్డి కింద దాక్కున్నాను. ఆ బండి కర్ణాటక వైపు పోయేదట. ఊరి పొలిమేరలో నేను తుమ్మకపోతే ఇప్పుడు ఈ కథ కన్నడంలో చెబుతుండేదాన్ని.

దుముకు ఎలా పుట్టిందని ఆ బడిలో పిల్లలను అడిగాను. దుముకు దగ్గరి ఊళ్ళ పిల్లలు కదా, వాళ్ళకు తెలియాలి. భీముడు కాలితో తన్నితే బండ పగిలిందన్నారు. కొండ, కూతురు, ముసలి బండ, ఇవేవీ ఎవరూ వినలేదు. అప్పుడర్థమైంది, అవ్వ ఆ కథ నాకోసమే కల్పించిందని. కోసే ముందు మేకకు ఆకు పెట్టినట్టు, నాకు కథ పెట్టింది. ఆ రోజు నాకు అవ్వ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

సైన్సు సార్ చెప్పిన కథ ఇంకోటి. "గట్టి రాయి మీద నీళ్ళు పారతా వస్తాయి. ముందర మెత్త రాయి ఉంటే దాన్ని కోసేస్తాయి. అక్కడ గుంత పడి, నీళ్ళు దూకడం మొదలవతాది. దూకిన నీళ్ళు కింద అడుగును తొలిచేస్తాయి. పైన అంచు ఆనుకోను లేక విరిగి పడిపోతాది. అప్పుడు జలపాతం రవ్వంత వెనక్కి జరగతాది. అట్ల వెనక్కి, ఇంకా వెనక్కి."

నేను లేచి నిలబడ్డాను. "వెనక్కి పోయి పోయి, పుట్టిన చోటికి పోతాదా సార్?"

"పోతాది. కానీ అంత దూరం పోయేటప్పటికి అది జలపాతంగా ఉండదు. అంచు అరిగి అరిగి, మామూలు వాగైపోయి ఉంటాది."

తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు. పోతుంది కదా, అది చాలనుకున్నాను.

అమ్మ నన్ను చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు ఎండాకాలం. దూరంనుంచే నడక గుర్తుపట్టి పరుగెత్తాను. చిన్నమ్మ వాకిట్లోనే ఆపి, "పాపా, పెద్దమ్మకు నీళ్ళు తెచ్చియ్యి" అంది.

పెద్దమ్మ! ఆచారం ప్రకారం అంతే. చిన్నమ్మ అమ్మయితే, అక్క కాబట్టి అమ్మ పెద్దమ్మే. నేను అమ్మ మొహంలోకి చూశాను, కాదని అంటుందని. అమ్మ చెంబు అందుకుని, "మంచి పాప" అంది, ఎవరింటికో చుట్టంగా వచ్చిన మనిషిలాగా. పోయేటప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళనీళ్ళు పట్టుకుని నేను ఏళ్ళు గడిపాను. అమ్మకు ఏమీ తెలియదని నమ్మాను. కొంచెం పెద్దయ్యాక, తెలుసుగానీ అవ్వకు ఎదురు చెప్పలేకపోయిందని నమ్మాను. ఇల్లు అవ్వది, పొలం అవ్వది, నాయన ఇల్లరికం, అమ్మ మాత్రం ఏం చేస్తుంది? ఆ తర్వాత అమ్మ ఎన్నిసార్లొచ్చినా నేను ఆమెను ఏ వరసతోనూ పిలవలేదు. అమ్మా అంటే చిన్నమ్మ మొహం చిన్నబోతుంది. పెద్దమ్మా అనడానికి నా నోరు రాదు. "రా", "తిను", "బస్సొచ్చింది", ఇలా పిలుపు లేకుండానే మాట్లాడుతూ వచ్చాను.

అవ్వ సంగతి వేరు. అవ్వ తరచుగా వచ్చేది. ఓళిగలు, అనపగింజలు, చెనిక్కాయల ఉండలు మూటగట్టుకుని బస్సులు మారి వచ్చేది. నేను ఆమె ముందే ఆ మూట తీసుకుపోయి కుక్కకు వేసేదాన్ని. "కుక్కన్నా తిన్నాది గదా, పోనీలే" అని చిన్నమ్మతో అనేది. ఒక్కసారీ నన్ను ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. వరండాలో ఒక మూల కూర్చుని, నేను బడికి పోయేదాకా చూసి, మళ్ళీ బస్సెక్కేది. అవ్వ పోయినప్పుడు నన్ను తీసుకెళ్ళారు. అందరూ ఏడుస్తుంటే నేను రాయిలా నిలబడ్డాను. మోసం చేసిన మనిషికి ఏడవనని నా పంతం.

కాలం ఎవరికోసం ఆగుతుంది? నాకు పెళ్ళయింది, మదనపల్లెలో కాపురం పెట్టాను. అన్న పొలం సగం అమ్మి, మిగతా సగంలో టమాటా పెట్టి, కొన్నాళ్ళు లేచి కొన్నాళ్ళు పడి, ఎలాగో నిలబడ్డాడు. చిన్నమ్మ, చిన్నాయన వెళ్ళిపోయారు. చిన్నమ్మకు మాత్రం నేను కడుపున పుట్టిన కూతురికన్నా ఎక్కువే ఏడ్చాను.

ఆ తర్వాత అమ్మకు కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్ మదనపల్లెలోనే కాబట్టి మా ఇంట్లో ఉంచుకున్నాను. అన్న ఇంట్లో చేసేవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉంది. చిన్నప్పుడు దొరకని తల్లి ఇప్పుడు నా మంచం మీద పడుకుంది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి ఇంకా పొర. అన్నం కలిపి నోట్లో పెట్టాను. తల దువ్వాను. ఆముదం కూడా పెట్టాను.

ఒక మధ్యాహ్నం సంగటి, పితుకుపప్పు పులుసు పెడితే బాగా తిని, గోడకానుకుని కూర్చుంది. మనసు మంచిగా ఉన్నట్టనిపించి, ఇన్నేళ్ళనుంచి లోపల దాచుకున్నది అడిగేశాను.

"అవ్వ నన్ను అట్లా మోసం చేసి ఇచ్చేస్తాంటే నువ్వు యాల ఊరకుండావు?"

"మీ యవ్వను అంటావేమే!" అంది అమ్మ, ఆశ్చర్యపోయి. "పాపం, ఆయమ్మ నిన్ను ఇయ్యనే ఇయ్యనన్నది. మీ చిన్నమ్మోళ్ళు అడిగింది నిన్ను గాదు పాపా, మీ యన్నను. సేద్యానికి మొగబిడ్డ గావల్లన్నారు. మీ యవ్వ గూడా, వాణ్ణి ఇయ్యి, పాప లేకుంటే నేను బతకలేనని నా కాళ్ళు పట్టుకునింది. నేనే ఒప్పుకోలే. వాణ్ణి ఇడిసి నేనెట్లుండేది? నువ్వంటే ఆడబిడ్డ. ఎట్లా ఒకనాటికి ఇంకో ఇంటికి పొయ్యేదే గదా, రవ్వంత ముందర పోతాది, అంతే గదా అంటి. నాకు సేతులు రావు, నువ్వే దించేసి రా అని మీ యవ్వను నేనే పంపిస్తి."

చెప్పి, పళ్ళ సందున ఇరుక్కున్న పప్పుబద్ద తీసుకుంది. పాత సంగతి, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పింది. ఆమె గొంతులో తప్పు చేసిన బాధ గానీ, దాచిన భయం గానీ లేవు. అన్నకూ తెలుసు. నాయనకూ తెలుసు. చిన్నమ్మకు తెలిసి కూడా, అబ్బాయిని అడిగితే అమ్మాయిని ఇచ్చారన్న మాట చచ్చేదాకా నాకు తెలియనివ్వలేదు. అవ్వ అయితే నా తిట్లన్నీ తిని, కూతురి పేరు బయటపెట్టకుండానే పోయింది. నేను ఎవరికోసం బస్సులెక్కానో, గడ్డి కింద దాక్కున్నానో, ఆ మనిషే నన్ను వద్దనుకుంది. ఎంచుకుని, తూచి, వద్దనుకుంది. అరవాలనుకున్నాను. ఎవరిమీద అరవను? ఎదురుగా ఉన్నది కళ్ళు కనపడని ముసలావిడ. నా మొహం కూడా ఆమెకు కనపడదు.

"రవ్వంత మజ్జిగుంటే పొయ్యి పాపా. దప్పికగా ఉండాది" అంది.

లోపలికి పోయాను. మజ్జిగ చిలికాను, ఉప్పు వేశాను, కరివేపాకు నలిపి వేశాను. తెచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని గ్లాసు అందులో పెట్టాను.

"తాగు పెద్దమ్మా" అన్నాను.

చిన్నప్పటినుంచీ గొంతులో అడ్డం పడిన ఆ మాట అంత సులువుగా వస్తుందని నేననుకోలేదు. ఆమె ఉలిక్కిపడుతుందేమోనని చూశాను. మజ్జిగ మొత్తం నిదానంగా తాగింది. పైట చెంగుతో మూతి తుడుచుకుంది. నవ్వుతూ నా చెయ్యి కోసం గాల్లో తడుముకుంది.

"ఇన్నేండ్లకు నోరారా పిలిస్తివి పాపా" అంది. "మీ యమ్మ ఉండి ఇనింటే ఎంత సంతోషపడునో."